వాయిద్యసహిత నిశావిహారం

సోమరాజు అడిగింది ఒక్కటే. తాను ఇంట్లో కట్టుకున్న రెండు సీట్ల విమానాన్ని రాత్రిపూట కూడా నడుపుకోనివ్వమన్నాడు.

రాత్రిపూట విమానాలు ఎగరడం లోకంలో లేని వింతేమీ కాదు. అర్ధరాత్రి లేచి, తెల్లారేసరికి సముద్రాలు దాటేస్తున్నాయి. కాకపోతే అవి పెద్ద కంపెనీలు కట్టినవి. సొంతంగా ఇంట్లో కట్టుకున్న విమానాలకి గగనవిహార నియంత్రణ మండలి వారు పగటి పర్మిట్టు మాత్రమే ఇస్తారు. పొద్దు పొడిచాక లేవాలి, పొద్దు గూకేలోగా దిగిపోవాలి. పెరటి కోళ్ళకి ఉన్న నియమమే వీటికీ ఉందన్నమాట. సోమరాజు ఆ నియమాన్ని కిమ్మనకుండా పాటిస్తూనే వచ్చాడు. పాటించడం వల్ల తన ఇంట్లోనే ఒకరికి అన్యాయం జరుగుతోందని గట్టిగా అనిపించాక దరఖాస్తు పెట్టాడు.

ఆ ఒకరు ఆయన భార్య హైమావతి.

వెదుళ్ళపాలెంలో వాళ్ళకో ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నిటికీ ఐసు అక్కడినుంచే వెళ్ళేది. పెద్ద పెద్ద ప్లాంట్లు వచ్చి వ్యాపారం చల్లబడ్డాక సోమరాజు ఫ్యాక్టరీ మూసేసి, ఆ షెడ్డులో విమానం మొదలుపెట్టాడు. రొయ్యలు పండే చెరువుని పూడ్చి రన్‌వే చేశాడు. ఎకరం లీజు ఎంత పలుకుతోందో తెలిసిన ఊరు గనక అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆయన కట్టాడని అనడం కూడా న్యాయం కాదు, సగం కట్టింది హైమావతి. రెక్కల రేకులకి రివెట్లు వేసింది ఆమె. ఎదురు పలకలో గడియారాల్లా కనిపించే డయల్స్‌కి వైర్లన్నీ కలిపింది ఆమె. సన్నపని ఆమె చేతికి అబ్బినట్టు ఇంకెవరికీ అబ్బదు.

విమానం ముప్పాతిక పూర్తయిన ఏడు, ఆమె బుగ్గల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కీళ్ళు పట్టేశాయి. భీమవరం డాక్టరు పెద్దాసుపత్రికి పంపించాడు. అక్కడివాళ్ళు నోరు తిరగని పేరొకటి చెప్పి, ఇక ఈవిడకి ఎండ పడదని తేల్చేశారు. ఎండ తగిలితే ముఖం కందిపోతుంది, జ్వరం వచ్చి వారాల తరబడి మంచం పడుతుంది. అప్పటినుంచి ఆ ఇంటి కిటికీలకి మందపాటి తెరలు దిగాయి. చీకటి పడ్డాకే హైమావతి వాకిట్లోకి వస్తుంది. మిగిలిన వైరింగు షెడ్డు తలుపులు మూసుకుని పూర్తిచేసింది. విమానం మొదటిసారి నేల వదిలినప్పుడు ఊరంతా పరిగెత్తుకెళ్ళి చూసింది. హైమావతి తెర వెనక కూర్చుని చప్పుడు విన్నది.

విమానానికి పైకప్పు గాజు బుడగ. పగలు అందులో కూర్చుంటే ఎండంతా నెత్తి మీదే. కాబట్టి తన చేత్తో కట్టిన విమానం ఆమె ఎక్కాలంటే రాత్రే ఎక్కాలి. అదీ సంగతి.

రాత్రి నడపాలంటే బయట దారీతెన్నూ కనిపించదు గనక, ఎదురుగా ఉన్న డయల్స్‌ని నమ్ముకుని నడపాలి. ఎత్తెంతో, వేగమెంతో, రెక్క ఎటు వాలిందో అవే చెబుతాయి. దీన్ని ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ అంటారు. సోమరాజు ఫ్లయింగ్ క్లబ్బులో చేరి ఆ విద్య నేర్చుకుని పరీక్ష కూడా ప్యాసయ్యాడు. హోమ్‌బిల్ట్ విమానంలో నైట్ ఫ్లయింగ్‌కీ, ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌కీ అనుమతి ఇప్పించ ప్రార్థన అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి మండలికి పట్టుకెళ్ళాడు.

ఆ ఏడు మండలికి తెలుగు పట్టింది.

ఎవరో పై నుంచి వచ్చి, పాలన ప్రజల భాషలో సాగాలని ఉపన్యాసం చెప్పి వెళ్ళారట. మంచి మాటే. మండలి వారు దాన్ని ఇంకాస్త మంచిగా చేద్దామని, ఇంగ్లీషు ముక్క కనపడిన ఫైలు కదలరాదని ఉత్తర్వు వేశారు. సోమరాజు వెళ్ళేసరికి లిఫ్టు మీద 'ఊర్ధ్వాధోగామిని' అని బోర్డుంది. దాని కింద 'పనిచేయుట లేదు' అని ఇంకో బోర్డుంది. మెట్లెక్కి మూడో అంతస్తులో పరిభాషాధికారి చక్రధరం గారి ముందు కూర్చున్నాడు. చక్రధరం గారి బల్ల మీద నాలుగు నిఘంటువులు ఉన్నాయి. విమానాలకి సంబంధించిన పుస్తకం ఒక్కటీ లేదు.

"హోమ్‌బిల్ట్, గృహనిర్మిత. ఇందులో ఇబ్బంది లేదు," అన్నాడు చక్రధరం రాసుకుంటూ. "నైట్, నిశ. ఇన్‌స్ట్రుమెంట్, వాయిద్యం."

"ఇన్‌స్ట్రుమెంటంటే పరికరం కదండి," అన్నాడు సోమరాజు.

"పరికరాన్ని వ్యవసాయ శాఖ వారికి కేటాయించడమైనది. పనిముట్టు చేనేత వారిది. సాధనాన్ని విద్యాశాఖ వారు ముందే తీసుకున్నారు. మా మండలి వాటాకి వాయిద్యం వచ్చింది."

"మావి మోగవండి."

"మోగడం, మోగకపోవడం సాంకేతిక విషయం. అది నా పరిధిలోకి రాదు."

"పోనీ ఫ్లయింగంటే ఎగరడమని రాయండి. అందరికీ తెలుస్తది."

చక్రధరం కలం కింద పెట్టాడు. "ఎగరడం గ్రామ్యం. ఈగలు ఎగురుతాయి. మండలి పరిధిలో ఉన్నవి విహరిస్తాయి."

అలా తయారైన వాక్యాన్ని ఆయన పైకి చదివి వినిపించాడు. 'గృహనిర్మిత విమానమందు వాయిద్యసహిత నిశావిహారమునకు అనుమతి కోరుట గురించి.' చదువుతుంటే చక్రధరం గొంతులో కాస్త తీపి కూడా చేరింది. సోమరాజు చెవులు వేడెక్కాయి. ఆ వాక్యం విన్నవాళ్ళకి పాతకాలపు జమీందారు, పడవ, మల్లెదండలు గుర్తుకు రావాలే తప్ప విమానం గుర్తుకు రాదు. అయినా పని కావాలి గనక సంతకం పెట్టాడు.

పైన ఉపనియంత్రకులు పురుషోత్తమం గారు ఆ వాక్యం చదివి, కళ్ళజోడు పైనుంచి సోమరాజుని కిందికీ మీదికీ చూశారు.

"తమ వయస్సు?"

"యాభై ఎనిమిదండి."

"ఈ వయస్సులో నిశావిహారం."

"ఆయ్."

"అదీ వాయిద్యాలతో."

"అవి లేకపోతే కుదరదండి. చీకట్లో దారి తెలీదు."

పురుషోత్తమం గారు ఫైలు మీద వేలు పెట్టి, ఒక్కో మాట మీదా తట్టారు. "ఈ అంశం బహుశాఖాత్మకమైనది. గృహనిర్మిత అన్నారు గనక గృహనిర్మాణ విభాగం వారి నిరభ్యంతరం కావాలి. వాయిద్యాలకి పోలీసు శాఖ వారి అనుమతి కావాలి. నిశావిహారం విషయమై తమ ధర్మపత్నికి అభ్యంతరం లేదని ధ్రువపత్రం కావాలి. ఈ మూడూ సమకూడిన పిమ్మట మండలి సానుకూలంగా పరిశీలించగలదు."

"మా ఆవిడ కోసవేనండి ఇదంతా. ఆవిడే వస్తది నాతో."

ఉపనియంత్రకులు నమూనా కాగితం తిరగేసి చూశారు, మడిచి చూశారు. "భార్యాసమేతంగా నిశావిహారం చేసేవారికి ఇందులో గడి లేదు. అభ్యంతరం లేదని మాత్రం రాయించండి, చాలు."

హైమావతి ఆ కాగితం చదివి కడుపుబ్బ నవ్వింది. జబ్బు చేశాక ఆమె అంతగా నవ్వడం సోమరాజు చూడలేదు. 'మా ఆయన నిశావిహారానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు, త్వరగా తీసుకెళ్ళమని నా కోరిక' అని రాసి సంతకం చేసింది.

గృహనిర్మాణ విభాగం నుంచి ఏఈ జోగారావు టేపు పట్టుకుని వచ్చాడు. షెడ్డులో విమానాన్ని చూసి ముందు జంకాడు గానీ, చేతిలో ఉత్తర్వు 'గృహనిర్మిత' అని స్పష్టంగా చెబుతోంది. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళలో ఆయన ఉత్తర్వుని కాదని కళ్ళని నమ్మింది ఎప్పుడూ లేదు.

"ప్లాను అప్రూవలుందాండి?"

"విమానం ప్లానుందండి."

"ఇంటి ప్లాను?"

"ఇల్లు కాదు కదండీ ఇది."

"కాయితం మీద గృహమనే ఉందండి, రాజుగారూ. నేనేం చెయ్యను? వంటగది ఎటేపండి?"

సోమరాజు ఇంజను వైపు చూపించాడు. పొయ్యి లాంటిది అక్కడే మండుతుంది మరి. జోగారావు 'ఆగ్నేయం కాదు, తూర్పు' అని రాసుకుని నిట్టూర్చాడు. విమానాన్ని షెడ్డు బయటికి తోయించి, నాలుగు వైపులా ఖాళీ స్థలం కొలిచాడు. రెండు రెక్కలూ హద్దు దాటి పొరుగు కొబ్బరితోటలోకి చొచ్చుకుపోతున్నాయని అభ్యంతరం రాశాడు. సోమరాజు విమానాన్ని పది అడుగులు వెనక్కి తోశాడు. ఆక్రమణ తొలగిపోయినందుకు జోగారావు సంతోషించాడు. ఇల్లు తోస్తే కదలడం ఆయనకి వింతగా తోచలేదు. ఎత్తు దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

"ఎంత ఎత్తు లేస్తదండి?"

"పదివేల అడుగులు లేస్తదండి. నేను ఐదువేలు దాటను."

జోగారావు వేళ్ళ మీద లెక్క కట్టాడు. "అంటే ఐదొందల అంతస్తులు. అమ్మో. రెండు దాటితేనే మా దగ్గర లిఫ్టుండాలండి. ఫైరోళ్ళ కాయితం వేరే."

"నేల మీదుంటే ఐదడుగులేనండి."

"అదీ నిజవే. ఎప్పుడూ నేల మీదుంటదని హామీ రాసిస్తారా?"

విమానం ఎప్పుడూ నేల మీదే ఉంటుందని, ఎగరడానికి అనుమతి కోరుతున్న మనిషి హామీ రాసి ఇచ్చాడు. జోగారావు ఒక్క గది రేకుల ఇల్లు అని నిర్ధారించి, తోక మీద డోరు నంబరు అంటించి, ఇంటి పన్ను వేసి వెళ్ళాడు. సెప్టిక్ ట్యాంకు లేనందుకు మందలించాడు కూడా.

ఎస్సై మంచివాడే. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు.

"ఏంటండి రాజుగారూ, రాత్రిపూట వాయిద్యాలంట. పది దాటాక మైకు కుదరదని తెలుసు కదా మీకు."

"మైకు లేదండి."

"డప్పులా, డీజేనా?"

"ఎత్తు చెప్పేదొకటి, వేగం చెప్పేదొకటి, రెక్కల వాలు చెప్పేదొకటి. గడియారాల్లాంటివండి."

"ఎంత సౌండొస్తదేంటి వాటికి?"

"అసలు రాదండి."

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టాడు. "సౌండు రాని వాయిద్యాలకి పర్మిషనెందుకండి?"

ఇన్ని వారాలలో సోమరాజుకి ఎదురైన మొదటి తెలివైన ప్రశ్న అదే. ఆయనకి కళ్ళనీళ్ళొచ్చినంత పనయింది. కానీ ప్రశ్న ఎంత తెలివైనదైనా ఫైలుకి కావలసింది ముద్ర. ఎస్సై ఉన్న నమూనాలోనే నింపాడు. వాయిద్యాలు రాత్రి పది గంటల వరకే, రెండు బాక్సులకి మించరాదు, అశ్లీల నృత్యాలు నిషిద్ధం.

మూడు కాగితాలూ పట్టుకుని సోమరాజు మళ్ళీ ఆ మెట్లెక్కాడు. పురుషోత్తమం గారు తృప్తిగా తలాడించారు. ఇక మిగిలింది పరీక్షా విహారం మాత్రమే. రాత్రివేళ విమానం ఎగిరి దిగడం అధికారి స్వయంగా చూసి ధ్రువీకరించాలి.

"ఎప్పుడొస్తారండి? చీకటి ఏడింటికల్లా పడిపోతంది," అన్నాడు సోమరాజు.

"మండలి పనివేళలు పది నుంచి ఐదు వరకు."

"రాత్రి చూడాలి కదండి మరి."

"రాత్రి చూస్తాం. పనివేళల్లో చూస్తాం." పురుషోత్తమం గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయనకి ఇష్టమైన ఘట్టం వచ్చింది. "రాత్రి అంటే ఏమిటి? చీకటి. చీకటి అంటే ఏమిటి? వెలుతురు లేకపోవడం. లేకపోవడమన్నది కల్పించుకోవచ్చు. విమానపు గాజు కప్పు లోపల నల్లని మందపాటి వస్త్రం పరచండి. లోపల వెలుతురు ప్రవేశించని క్షణం నుంచి మండలి దృష్టిలో రాత్రి ప్రారంభమైనట్లే. చోదకుని వైపు చూపుకు చాలినంత రంధ్రం ఒకటి భద్రతా కారణాల రీత్యా అనుమతించడమైనది."

"పక్క సీట్లో తమరు కూర్చుంటారాండి?"

ఉపనియంత్రకుల ముఖంలో రంగు కాస్త తగ్గింది. ఇంట్లో పట్టిన ఆవకాయ మీద ఆయనకి గొప్ప నమ్మకం ఉంది. ఇంట్లో కట్టిన విమానం మీద లేదు. "అధికారి నేల మీదినుంచి పర్యవేక్షిస్తారు. ఆసనంలో అధికారికి సమానమైన బరువు ఉంచితే చాలు. రెండు బియ్యం బస్తాలు పెట్టండి."

సోమరాజు ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. హైమావతి నవ్వలేదు. చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"నల్లగుడ్డ అంటే ఎండ అసలు రాదు కదండీ లోపలికి?"

"మందంగా వేస్తే రాదు."

"అయితే బస్తాలెందుకు? నేనున్నాగా."

రాత్రి కోసం ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగిన సోమరాజుకి, మండలి వారు తమకి తెలియకుండానే దాన్ని ఇచ్చేశారని అప్పుడు అర్థమైంది. హైమావతి ఆ వారమంతా మిషను మీద నల్లగుడ్డ రెండు పొరలు కుట్టింది. అంచు చుట్టూ క్లిప్పులు పెట్టింది. ఆయన వైపు అరచేతి వెడల్పున రంధ్రం వదిలి, ఎండ ఆమె మీదికి రాకుండా దానికి లోపలివైపు చిన్న తెర కూడా కట్టింది.

పరీక్ష రోజున రన్‌వే పక్కన షామియానా లేచింది. మార్గశిరపు చలి ఇంకా వదలలేదు, ఎండ వాలుగా పడుతోంది. పురుషోత్తమం గారు, చక్రధరం గారు, జోగారావు, ఎస్సై వరసగా కూర్చున్నారు. రొయ్యల వేపుడు వాసన వస్తోంది. ఉత్తర్వులో 'వాయిద్యసహిత' అని ఉన్నందున చక్రధరం చొరవ తీసుకుని సన్నాయి మేళాన్ని పిలిపించాడు. విమానంలో పట్టరని సోమరాజు చేతులు జోడించి చెప్పిన మీదట, వాళ్ళు కిందే ఉండి వాయించడానికి రాజీ కుదిరింది.

హైమావతిని తెరలు వేసిన కారులో షెడ్డులోకి తెచ్చాడు. ఆమె నిండుగా చీరకొంగు కప్పుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, తాను కట్టిన విమానంలో మొదటిసారి సీటు బెల్టు బిగించుకుంది. గుడ్డ క్లిప్పులు తనే పెట్టింది. లోపల చిమ్మచీకటి అయింది. డయల్స్ మాత్రం లేతపచ్చగా వెలిగాయి.

విమానం బయటికి వచ్చి రన్‌వే చివర నిలబడింది. పురుషోత్తమం గారు లేచి నిలబడి, గడియారం చూసి, గంభీరంగా ప్రకటించారు. "ఇప్పుడు రాత్రి అయినది."

అటెండరు షామియానాలో ట్యూబులైట్లు వేశాడు. చక్రధరం పక్కనున్నవాళ్ళకి శుభరాత్రి చెప్పాడు. సన్నాయి అందుకుంది. అంతలో ఎస్సై గడియారం చూసుకుని లేచాడు.

"సార్, ఇప్పుడు టైము పదకొండు."

"అవును."

"రాత్రి పదకొండు."

"నిస్సందేహంగా."

"పర్మిషను పదింటిదాకే సార్. వాయిద్యాలు ఆపించాలి."

ఉపనియంత్రకులు ఆలోచించి, చట్టం అందరికీ సమానమని ఒప్పుకున్నారు. సన్నాయి ఆగింది. విమానంలో వాయిద్యాల సంగతేమిటని జోగారావు అడిగాడు. అవి మోగవు గనక చూసీ చూడనట్టు వదిలేస్తున్నానని ఎస్సై ఉదారంగా అన్నాడు. సోమరాజు ఇదంతా వినలేదు. ఆయన అప్పటికే ఇంజను వేగం పెంచాడు.

పూడ్చిన చెరువు గతుకులు చక్రాల కింద దడదడలాడి, ఉన్నట్టుండి మాయమయ్యాయి. హైమావతి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"లేచిందా?"

"లేచింది."

ఆమె డయల్స్ వైపు చూసింది. ఎత్తు ముల్లు తిరుగుతోంది. ఆ ముల్లు వెనక వైరు కలపడానికి తలకిందులుగా పడుకుని, మెడ పట్టేసిన రోజు గుర్తొచ్చిందేమో, దాని మీద వేలు ఆనించి ఉంచింది. సోమరాజు కాసేపు రంధ్రంలోంచీ, కాసేపు డయల్స్ చూసీ నడుపుతున్నాడు. మనసు నిండిపోయింది ఆయనకి. అనుమతి కాగితం వస్తే వచ్చింది, లేకపోతే లేదు, హైమ గాల్లో ఉంది.

"కింద ఏముందండీ?"

"చెరువులు. ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి. దూరంగా ఉప్పుటేరు."

"ఎలా ఉన్నాయి?"

"నీళ్ళు మెరుస్తున్నాయి."

ఆమె డయల్ మీదినుంచి వేలు తీసేసింది. రంధ్రంలోంచి చూస్తున్న ఆయన అది ముందు గమనించలేదు. గమనించాక తల తిప్పి చూశాడు. లేతపచ్చ వెలుగులో ఆమె ముఖం సంతోషంగా లేదు.

"ఏమైంది హైమా?"

"ఏం లేదు. మూడేళ్ళ నుంచి చీకటిగదిలోనే ఉన్నాను కదండీ. ఇదీ అదే గది. కదులుతోంది, అంతే."

మండలి తనకిచ్చిన రాత్రి ఏమిటో సోమరాజుకి అప్పుడు తెలిసింది. చుక్కలుండే రాత్రి అడిగితే, గుడ్డ ఇచ్చారు. దాన్ని పట్టుకుని తాను ఇంతసేపూ పొంగిపోయాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

హైమావతి చెయ్యి ఎత్తి పైనున్న మొదటి క్లిప్పు తీసింది.

"వద్దు హైమా. జ్వరం వస్తది. మొహం మళ్ళీ..."

"తెలుసు. ఒక్క నిమిషం."

ఆయన ఆపడానికి చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆమెకి తెలియనిది తాను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆయన చెయ్యగలిగింది ఒక్కటే ఉంది. సూర్యుడు దక్షిణాన వాలుగా ఉన్నాడు. విమానాన్ని మెల్లగా పడమటికి తిప్పి, ఎండ తన వైపు నుంచి వచ్చేలా చేశాడు. సీట్లో వీలైనంత పైకి లేచి, తన భుజం నీడ ఆమె మీద పడేలా కూర్చున్నాడు. ఆ నీడ ఆమె మెడ దాకా అయినా చాలలేదు.

గుడ్డ జారింది. వెలుతురు గదిలో తలుపు తెరిచినట్టు వచ్చిపడింది.

కింద చెరువులు గళ్ళ గళ్ళుగా కనుచూపు మేరా పరుచుకుని ఉన్నాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి బురద రంగు, ఒకటి అచ్చంగా ఆకాశం. గట్ల మీద కొబ్బరిచెట్లు పైనుంచి చూస్తే బొత్తాల్లా ఉన్నాయి. ఐసు ఫ్యాక్టరీ రేకులు కనిపించాయి. వాటి పక్కనే తెరలు వేసిన కిటికీలతో తన ఇల్లు ఇంతే ఉంది. హైమావతి గాజుకి నుదురు ఆనించి చూస్తూ, కొంగు పక్కకి తీసేసింది. ఒక్క నిమిషమంది గానీ, సోమరాజు లెక్క పెట్టలేదు. తరవాత ఆమే గుడ్డ లాక్కుని క్లిప్పులు పెట్టుకుంది.

"ఇంక దిగుదాం," అంది.

కింద పురుషోత్తమం గారు దూరదర్శిని దించి, పక్కనున్న చక్రధరంతో నెమ్మదిగా ఏదో చెప్పారు. గాజు కప్పు ఎండలో తళుక్కుమనడం ఆయన చూడనే చూశారు. విమానం దిగింది, ఎక్కడా తొణకలేదు, అంత మెత్తగా సోమరాజు మునుపెప్పుడూ దింపలేదు. ఎవరూ అభినందించలేదు. రొయ్యల వేపుడు మాత్రం అందరూ మళ్ళీ వేయించుకున్నారు.

మూడో రోజుకి హైమావతి ముఖమంతా ఎర్రగా పొంగింది. జ్వరం, కీళ్ళనొప్పులు. డాక్టరు తిట్టాడు, మందులు పెంచాడు. సోమరాజు మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తూ, తప్పు తనదని నాలుగుసార్లు అన్నాడు. నాలుగోసారి ఆమె విసుక్కుని నోరు మూసుకోమంది.

జ్వరం తగ్గుముఖం పట్టే వేళకి మండలి నుంచి ఉత్తరం వచ్చింది. సోమరాజు దీపం వెలుతురులో చదివి వినిపించాడు.

'పరీక్షా రాత్రి మధ్యభాగమందు సదరు గృహనిర్మిత విమానమున అకాల సూర్యోదయము సంభవించినట్లు ఉపనియంత్రకులు స్వయముగా వీక్షించియున్నారు. మండలి ముందస్తు అనుమతి లేక సంభవించిన సూర్యోదయము నిబంధనలకు విరుద్ధము. కావున వాయిద్యసహిత నిశావిహారమునకు అనుమతి నిరాకరించడమైనది. సదరు సూర్యోదయమునకు బాధ్యులెవరో పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

సోమరాజు కాగితం మడిచి, తల పట్టుకున్నాడు. "అయిపోయింది హైమా. ఇంక రాత్రి ఇవ్వరు."

హైమావతి దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. చర్మం పొక్కిన బుగ్గలతో నవ్వడం కష్టంగా ఉన్నా నవ్వింది. కాగితమూ కలమూ అడిగింది.

"ఏం రాస్తావు? గాలికి గుడ్డ ఊడిపోయిందని రాద్దాం. క్షమించమందాం," అన్నాడు సోమరాజు.

ఆమె వాచిన వేళ్ళతో నెమ్మదిగా రెండే వాక్యాలు రాసి, సంతకం పెట్టి, ఆయన చేతికిచ్చింది. సోమరాజు దీపం దగ్గరికి జరిగి చదివాడు.

'అయ్యా, ఆ సూర్యోదయం నేనే చేశాను. చాలా బాగుంది.'